ఖాళీ పిన్నులను గాలికి వదలకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆర్‌ఎస్-485 లైను మీద, అంటే చాలా బోర్డులు ఒకే జత తీగల మీద మాట్లాడుకునే పద్ధతిలో, బోర్డులు కలుపుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. మీరు కొన్న మ్యాక్స్485 చిప్పుకు ఎనిమిది కాళ్లు (పిన్నులు) ఉంటాయి. వాటిలో మీకు అక్కరలేని వాటిని ఏం చేయాలో ముందే చెప్పాలని ఈ ఉత్తరం.

ఒక బోర్డు పని వినడం మాత్రమే అనుకోండి. పంపేదేమీ లేదు కాబట్టి 3వ పిన్ను డీఈ (పంపే భాగమైన డ్రైవర్‌ను నడిపేది), 4వ పిన్ను డీఐ (పంపవలసిన డేటా తీసుకునేది) ఖాళీగా ఉంచాలనిపిస్తుంది. అలా ఉంచకండి. రెండూ ఇన్‌పుట్లే. ఎటూ కలపని ఇన్‌పుట్ సున్నా దగ్గర నిలకడగా ఉండదు. పక్క తీగలో సిగ్నల్ మారినా, మీ వేలు దగ్గరికి వచ్చినా పైకీ కిందికీ ఊగుతుంది. డీఈ కాసేపు పైకి పోయిందా, వినవలసిన బోర్డు తానే మాట్లాడి మిగతావాటి మాటలన్నీ చెడగొడుతుంది. అదీ ఎప్పుడో ఒకసారి! అలాంటి తప్పును పట్టుకోవడం మహా కష్టం. అందుకని డీఈని గ్రౌండుకు కలపండి. డ్రైవర్ ఆగిపోయింది కనుక డీఐని గ్రౌండుకు కలిపినా, 5 వోల్టులకు కలిపినా ఫరవాలేదు. వినే భాగమైన రిసీవర్‌ను నడిపే 2వ పిన్ను తీరు వేరు, దాన్ని గ్రౌండుకు కలిపితేనే రిసీవర్ వింటుంది.

పంపడమే పని అయితే 2, 3 పిన్నులు రెండింటినీ 5 వోల్టులకు కలపండి. 1వ పిన్ను ఆర్‌ఓ (విన్న డేటాను బయటికి ఇచ్చేది) అవుట్‌పుట్ కాబట్టి దాన్ని నిశ్చింతగా ఖాళీగా వదలవచ్చు. గ్రౌండుకు మాత్రం ఎన్నడూ కట్టకండి.

రెండు పనులూ చేసే బోర్డులో డీఈని మైక్రోకంట్రోలర్ నడుపుతుంది. అయితే రీసెట్ సమయంలో దాని పిన్నులు సాధారణంగా ఎటూ లాగవు. డీఈ నుంచి గ్రౌండుకు 10 కిలో ఓంల రెసిస్టర్ పెడితే ఆ కాస్త సమయమూ లైను ప్రశాంతంగా ఉంటుంది.

ఇక ఏ, బీ తీగలు, అంటే బోర్డులన్నిటినీ కలిపే ఆ జత తీగలు. అవి ఎటూ కలపకుండా ఉంటే ఈ చిప్పు తనంతట తానే 1 చూపిస్తుంది. కానీ సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా లైను రెండు చివరలా ఏ, బీల మధ్య 120 ఓంల రెసిస్టర్లు పెట్టగానే ఆ రక్షణ పోతుంది. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు తీగల మధ్య తేడా సున్నాకు చేరుతుంది. రిసీవర్ కచ్చితంగా తేల్చుకోవాలంటే 200 మిల్లీవోల్టుల తేడా కావాలి. ఏ నుంచి 5 వోల్టులకు 560 ఓంలు, బీ నుంచి గ్రౌండుకు 560 ఓంలు, లైను మొత్తం మీద ఒక్కచోట పెట్టండి. రెండు 120లు కలిసి 60 అవుతాయి కాబట్టి సుమారు 254 మిల్లీవోల్టులు నిలుస్తాయి.

చౌకగా దొరికే చిన్న బోర్డుల్లో చాలావాటికి 120 ఓంల రెసిస్టర్ ముందే అతికించి ఉంటుంది. అలాంటివి ఆరు కలిపితే 20 ఓంలే మిగులుతుంది, డ్రైవర్ ఆ బరువు మోయలేదు. చివరి రెండు బోర్డులకు ఉంచి మిగతావాటి నుంచి తీసేయండి. తర్వాత కరెంటు ఆపి ఏ, బీల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60కి కాస్త అటూ ఇటూగా చూపాలి. 120 దగ్గర చూపితే ఒక చివర రెసిస్టర్ లేదని, 40 దగ్గర చూపితే మధ్యలో ఎక్కడో ఒకటి మిగిలిపోయిందని అర్థం.

మీ తాతయ్య