ఒళ్ళు తగ్గింది, చర్మం తగ్గలేదు

"ఆపరేషన్ చేయించుకుని, తిండి కట్టడి చేసుకుని 130 కిలోల నుంచి 75కి వచ్చానండీ. బీపీ మాత్రలు ఆపేశారు, మోకాళ్ళ నొప్పులు పోయాయి. కానీ పొట్ట దగ్గరా, జబ్బల కిందా చర్మం వేలాడుతోంది. ఇది ఎప్పటికి తగ్గుతుంది? ఏ క్రీము రాసుకోవాలి?" అని ఒక పాఠకురాలు అడిగారు.

రెండో ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇంతగా సాగిన చర్మాన్ని వెనక్కి లాగే క్రీము ఇప్పటికి లేదు. మొదటి ప్రశ్న మాత్రం నాకు మహా ఇష్టమైన చోటికి తీసుకెళ్తుంది. దాని జవాబులో అణుబాంబు పరీక్షలు కూడా వస్తాయి.

బడి పుస్తకాల్లో చర్మం బొమ్మ వేసి, ఎపిడెర్మిస్, డెర్మిస్, వెంట్రుక కుదురు, స్వేదగ్రంథి అని బాణాలు పెట్టి వదిలేస్తారు. పిల్లలు ఆ బాణాలు బట్టీ పట్టి అయిదు మార్కులు తెచ్చుకుంటారు. అసలు సంగతి ఆ బొమ్మలో ఉండదు. ఒంటి మీద చర్మం ఊరికే పరిచి లేదు, నిరంతరం లాగి పెట్టి ఉంది. కత్తి తగిలితే గాయం నోరు తెరుచుకునేది అందుకే. 1861లో వియన్నాలో కార్ల్ లాంగర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త శవాల చర్మం మీద గుండ్రటి మొనతో వరసగా పొడుచుకుంటూ పోయాడు. పొడిచింది గుండ్రంగా, పడిన చిల్లులు మాత్రం కోలగా! ఏ భాగంలో చర్మం ఎటువైపు ఎక్కువ లాగుతోందో ఆ చిల్లులే చెప్పాయి. ఆయన గీసిన గీతల్ని సర్జన్లు ఇప్పటికీ చూసుకుంటారు, మచ్చ సన్నగా పడాలంటే ఎటు కొయ్యాలో తేల్చుకోవడానికి.

ఈ లాగుడు ఎక్కడిది? పై పొర ఎపిడెర్మిస్ కింద ఉండే మందపాటి డెర్మిస్ పొరలోది. అందులో నీరు తీసేసి తూకం వేస్తే ముప్పాతిక వంతు దాకా కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఎలాస్టిన్ అనే ఇంకో ప్రొటీన్ మహా అయితే రెండు నుంచి నాలుగు శాతం. ఆ కాస్త ఎలాస్టిన్ మీదే కథంతా నడుస్తుంది.

పాత నైట్ ప్యాంటు నడుము ఎలాస్టిక్ ఒకటి విప్పి చూడండి. లోపల సన్నటి రబ్బరు పోగులుంటాయి, వాటి చుట్టూ మామూలు దారంతో నేత ఉంటుంది. వెనక్కి లాగేది రబ్బరు. ఇంతకు మించి సాగకుండా ఆపేది దారం. కాస్త లాగితే దారాలు వంకరలు తీరుతుంటాయి, కాబట్టి హాయిగా సాగుతుంది. ఇంకా లాగితే దారాలన్నీ తిన్నగా బిగుసుకుని ఇక రానంటాయి. చర్మంలో రబ్బరు పని ఎలాస్టిన్‌ది, దారం పని కొల్లాజెన్‌ది. ఇప్పుడు అదే ఎలాస్టిక్‌ని ఒక పెద్ద సూట్‌కేసు చుట్టూ సాగదీసి అయిదేళ్ళు ఉంచారనుకోండి. విప్పాక నేత గట్టిగానే ఉంటుంది, ఎంత గుంజినా చిరగదు. కానీ లోపల రబ్బరు పోగులు చచ్చిపోయాయి. వదిలితే అలా వేలాడుతూనే ఉంటుంది. దాన్ని ఉతికినా, ఇస్త్రీ చేసినా, అత్తరు రాసినా రబ్బరు బతకదు. బరువు బాగా తగ్గినవాళ్ళ చర్మం ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసినవాళ్ళకి కనబడింది దాదాపు ఇదే: తెగిపోయిన, పలచబడిన ఎలాస్టిన్ పోగులు, వరస తప్పిన కొల్లాజెన్.

ఎలాస్టిన్ వెనక్కి ఎలా లాగుతుందన్నది ఇంకా బాగుంటుంది. ఓ రబ్బరు బ్యాండుని పెదవికి ఆనించి గబుక్కున సాగదీయండి, వెచ్చగా తగులుతుంది. రబ్బరు లోపలి పొడుగాటి అణువులు మామూలుగా చిందరవందరగా ముడుచుకుని ఉంటాయి. అలా ఉండటానికి లెక్కలేనన్ని పద్ధతులున్నాయి. తిన్నగా, వరసగా ఉండటానికి ఉన్నవి కొన్నే. సాగదీస్తే బలవంతంగా వరసలో నిలబడతాయి, వదిలెయ్యగానే మళ్ళీ చిందరవందరకి పోతాయి. ఈ తిరుగు ప్రయాణమే లాగుడు. చిందరవందర వైపు ఉండే ఈ మొగ్గునే ఎంట్రోపీ అంటారు. ఎలాస్టిన్‌ది కూడా చాలావరకు ఇదే తీరు. కాకపోతే అది తడిలో మాత్రమే పనిచేస్తుంది, పూర్తిగా ఎండితే పెళుసుబారుతుంది. (అందుకని లీటర్లకి లీటర్లు నీళ్ళు తాగితే చర్మం బిగుస్తుందని వాట్సాప్‌లో పెట్టకండి. బతికున్న చర్మానికి కావలసిన తడి ఎలాగూ ఉంటుంది.)

తయారీ కొంచెం చిక్కు వ్యవహారం, ఓపిక పట్టండి. డెర్మిస్‌లో పోగులు తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు ట్రోపోఎలాస్టిన్ అనే చిన్న ముక్కల్ని బయటికి వదులుతాయి. ఫైబ్రిలిన్ అనే ఇంకో ప్రొటీన్ ముందే ఒక పందిరి కట్టి ఉంచుతుంది. ముక్కలు దాని మీద చేరతాయి. అప్పుడు లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, రాగి లేనిదే పనిచేయనిది, వచ్చి ఆ ముక్కల్లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాలని నాలుగేసి కలిపి డెస్మోసిన్ అనే ముడులు వేస్తుంది. ఈ ముడుల వల్లే వేల ముక్కలు ఒకే పోగుగా నిలుస్తాయి. ఇన్ని పనులూ సరైన వరసలో జరగాలి. మన శరీరం వీటిని గట్టిగా చేసేది తల్లి కడుపులో చివరి నెలల్లో, ఆ తరవాత చిన్నతనంలో. పెద్దయ్యాక దుకాణం దాదాపు మూసేస్తుంది. ఎండ దెబ్బకో, గాయానికో తిరిగి తెరిచినా తయారయ్యేది అస్తవ్యస్తమైన సరుకు.

దుకాణం మూసేసిందని ఎలా తెలిసింది? ఇక్కడే బాంబులు వస్తాయి. 1950లలో, 60ల మొదట్లో అమెరికా, సోవియట్ రష్యా వగైరాలు గాల్లో అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. దాంతో గాల్లో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపైంది. గాల్లో పరీక్షలు ఆపాలన్న 1963 ఒప్పందం తరవాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. గాల్లోంచి మొక్కల్లోకి, మొక్కల్లోంచి అన్నంలోకి, అన్నంలోంచి మనలోకి అది చేరింది. ఆ రోజుల తరవాత శరీరం కొత్తగా కట్టుకున్న దేంట్లోనైనా దాని గుర్తు ఉండాలి. 1991లో స్టీవెన్ షపీరో, ఆయన సహచరులు మనిషి ఊపిరితిత్తుల్లోని ఎలాస్టిన్ తీసి చూశారు. బాంబుల కాలానికే పెద్దవాళ్ళై ఉన్నవారి ఎలాస్టిన్‌లో ఆ కార్బన్ జాడ చాలా తక్కువ. లెక్క వేస్తే ఎలాస్టిన్‌లో ఒక కార్బన్ పరమాణువు సగటున 74 ఏళ్ళు ఉంటోందని తేలింది. అంటే చిన్నప్పుడు కట్టుకున్నదే మనకి జీవితాంతం. చర్మంలోని కొల్లాజెన్‌కి మాత్రం సగం మారడానికి 15 ఏళ్ళు పడుతుంది. ప్రపంచ నాశనానికి చేసిన పేలుళ్ళు ఇలా ఒక ప్రొటీన్ వయసు చెప్పడానికి పనికొస్తాయని ఎవరనుకున్నారు!

ఎలాస్టిక్ పోలిక ఒక చోట ఆగిపోతుంది. సూట్‌కేసు మీద ఎన్నాళ్ళు సాగదీసినా దుకాణంలో కొన్న ఎలాస్టిక్ పెరగదు. చర్మం పెరుగుతుంది. 1957లో చార్లెస్ న్యూమన్ అనే డాక్టరు, చెవి కోల్పోయిన మనిషికి ఆ పక్క చర్మం కింద ఒక రబ్బరు బెలూను పెట్టి కొద్దికొద్దిగా ఊదుతూ పోయాడు. పైన కావలసినంత చర్మం తయారైంది, దాంతో చెవి కట్టారు. కాలిన గాయాలకీ, రొమ్ము తీసేసినవాళ్ళకీ ఇప్పటికీ ఈ పద్ధతి వాడతారు. 2020లో బెల్జియం పరిశోధకులు ఎలుకల్లో ఇదే పని చేసి కణం కణం వెతికారు. చర్మాన్ని లాగినప్పుడు మూలకణాలు విడిపోయి తమలాంటి మూలకణాలనే ఎక్కువగా పుట్టిస్తున్నాయని తేలింది.

కొవ్వు పేరుకోవడమంటే చర్మం కింద ఏళ్ళ తరబడి ఊదుతున్న బెలూనే. మన పాఠకురాలి లెక్క చూద్దాం. ఎత్తు 165 సెంటీమీటర్లు అనుకుందాం. 1916 నాటి డుబోయ్ సూత్రం ప్రకారం 130 కిలోలప్పుడు ఒంటి ఉపరితలం దగ్గర దగ్గర 2.3 చదరపు మీటర్లు, 75 కిలోలకి 1.82. లావుపాటి శరీరాలకి ఆ సూత్రం ముతక లెక్కే, అయినా తేడా చూడండి: అర చదరపు మీటరుకి కాస్త తక్కువ. ఇది ఉత్తి సాగుడు కాదు. ఒళ్ళు కణాలు కూడబెట్టి, రక్తనాళాలు వేసి కట్టుకున్న నిజమైన చర్మం. కట్టమని చెప్పే సంకేతం ఉంది గానీ, ఇక అక్కరలేదు కూల్చెయ్యమని చెప్పే సంకేతం అంత గట్టిది కాదు. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో కొంత బిగుస్తుంది. మిగిలింది చాలావరకు మిగిలినట్టే.

ఎవరికి ఎంత మిగులుతుందన్నది వయసు, ఎన్నేళ్ళు లావుగా ఉన్నారు, ఎన్ని కిలోలు తగ్గారు, జన్యువులు, ఎండ, పొగ, షుగరు వీటిని బట్టి ఉంటుంది. సిగరెట్టు పొగ కొల్లాజెన్‌ని, ఎలాస్టిన్‌ని కొరికే ఎంజైముల్ని పెంచుతుంది. షుగరు కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి అతికించి బిరుసు చేస్తుంది. తొమ్మిది నెలలే సాగిన పాతికేళ్ళ అమ్మాయి పొట్ట చాలావరకు సర్దుకోవడానికీ, ఇరవై ఏళ్ళు సాగిన యాభై ఏళ్ళ పొట్ట సర్దుకోకపోవడానికీ తేడా ఇదే. సంకల్పబలానికి ఇందులో పాత్ర లేదు.

క్రీముల సంగతి తొందరగా ముగిస్తాను, తలుచుకుంటేనే చిరాకు. కొల్లాజెన్ అణువు బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు (అణువుల్ని తూచే కొలత అది). చర్మం పై పొర 500 డాల్టన్లు దాటినవాటిని దాదాపు లోపలికి రానివ్వదు. రాసుకున్న కొల్లాజెన్ తువ్వాలుకి అంటుకుంటుంది. తాగే కొల్లాజెన్ పొడి కడుపులో ముక్కలై అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా మారిపోతుంది. తిన్నగా పొట్ట మీది చర్మానికే పొమ్మని వాటికి ఎవరూ చెప్పలేరు. పోనీ వెళ్ళాయే అనుకుందాం, పోయింది రబ్బరు అయితే దారం తెచ్చిస్తే ఏం లాభం? బాలింతకి పాత చీర బిగించి కట్టే మన అమ్మమ్మల అలవాటు నడుముకి ఆసరా ఇస్తుంది, అంతవరకు మంచిదే. చర్మాన్ని మాత్రం ముడవదు. బరువులెత్తే వ్యాయామం కండ పెంచి జబ్బల దగ్గర కాస్త నింపుతుంది. చర్మం కొలత తగ్గదు, అయినా చెయ్యండి.

రోజూ ఎదురయ్యే ఇబ్బంది అందం కాదు, చెమట. బెజవాడ మే నెలలో పొట్ట మడత కింద ఏమవుతుందో ఊహించుకోండి. చర్మం చర్మాన్ని ఒరుసుకుని ఎర్రబడుతుంది, ఆ తడిలో ఈస్టు చేరి మంట, దురద, వాసన మొదలవుతాయి. స్నానం తరవాత మడత ఎత్తి అద్ది ఆరబెట్టుకోవాలి, రుద్దకూడదు. మధ్యలో పల్చటి నూలు గుడ్డ పెట్టుకోవచ్చు. జింక్ ఆక్సైడ్ పూత ఒరిపిడిని తగ్గిస్తుంది. లంగా బొందు ఎప్పుడూ ఒకే గీత మీద, మడత లోపలికి బిగించకండి. నడిచేటప్పుడు ఊగకుండా బిగుతు లోదుస్తులు వేసుకుంటే హాయి, కానీ ఉక్కలో రోజంతా వద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. మెడికల్ షాపుకి వెళ్ళి దురద అనగానే స్టెరాయిడూ, ఫంగస్ మందూ, యాంటీబయాటిక్కూ కలిపిన ట్యూబు ఒకటి చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద పోతుంది, అందుకే జనం మళ్ళీ మళ్ళీ కొంటారు. మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఆ ట్యూబులూ ఒక కారణమని చర్మ వైద్యులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. పైగా స్టెరాయిడ్ కొల్లాజెన్ తయారీని అణిచేస్తుంది. మడతల్లో గాలి ఆడదు కాబట్టి మందు మరీ లోపలికి ఇంకుతుంది. అసలే పలచబడిన చర్మం ఇంకా పలచబడి, కొత్త చారలు పడతాయి.

ఎక్కువైన చర్మాన్ని నిజంగా తగ్గించేది కత్తి ఒక్కటే. వేలాడే పొట్టని కోసి తీసే ఆపరేషన్‌ని 1899లో బాల్టిమోర్‌లో హోవార్డ్ కెల్లీ చేశాడు, అంటే పద్ధతి కొత్తది కాదు. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే చెయ్యాలి, బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) అయినవాళ్ళు మామూలుగా ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. ఈలోగా హిమోగ్లోబిన్, ప్రొటీన్ సరిగ్గా ఉన్నాయో చూసుకోవాలి, లేకపోతే గాయం మానదు. పొగ తాగేవాళ్ళు వారాల ముందే మానాలి. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా పొడుగాటి మచ్చ పడుతుంది, చర్మం కింద నీరు చేరడం తరచుగా జరుగుతుంది. మిగిలిన చర్మంలోనూ ఉన్నది ఆ పాత ఎలాస్టినే కాబట్టి ఆపరేషన్ తరవాత కూడా కొంత వదులవుతుంది. ఈ సంగతి ముందే చెప్పని సర్జన్ అయితే ఇంకొకరి దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? మన బీమా నియంత్రణ సంస్థ 2019లో మార్గదర్శకాల్లో పెట్టిన మాటల ప్రకారం, రూపం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి మామూలుగా బీమా రాదు. కానీ ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్‌తో పాటు, ఆరోగ్యానికి నేరుగా ముంచుకొచ్చే ముప్పు తప్పించడానికి అవసరమైన చికిత్స అయితే మినహాయింపు ఉంది, దాన్ని డాక్టరు ధ్రువీకరించాలి. కాబట్టి మడత కింద పుండ్లు పడిన ప్రతిసారీ చర్మ వైద్యుడికి చూపించి, ఎక్కడ, ఎన్నోసారి, ఏ మందుకి తగ్గలేదు అన్నది చీటీ మీద రాయించుకుని, తేదీతో ఫోటో తీసి దాచుకోండి. బీమావాళ్ళు ఒప్పుకుంటారన్న హామీ లేదు గానీ, ఆ కాగితాలు లేకుండా వెళ్తే మాత్రం మాట కూడా వినరు.