మూట కట్టుకుని పెళ్ళికొచ్చిన చుట్టం

పిల్లలూ,

అందరికీ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో పెట్రోలు బంకు దగ్గర మీలో ఒకతె ఓ ప్రశ్న వేసింది. "తాతయ్యా, పంపు మీద ఈ-20 అని రాశారు. పెట్రోల్లో చెరకుతో చేసిన ఇథనాల్ ఇరవై పాళ్ళు కలుపుతారట. మరి పొగ తగ్గుతుందా?" వెనక హారన్లు మోగుతుంటే జవాబు చెప్పే వీలెక్కడ? క్యూలో ఉన్న పెద్దవాళ్ళంతా మైలేజీ పడిపోయిందని గొణుక్కుంటున్నారు, గాలి సంగతి అడిగింది ఆ పిల్ల ఒక్కతే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఈ కలపడం మన దేశంలో 2003లో నూటికి 5 పాళ్ళతో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. చాలా ఏళ్ళు పెద్దగా కదల్లేదు. 2022 జూన్ కల్లా 10 పాళ్ళయింది. 20 పాళ్ళది 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లోకి వచ్చి, 2025 నాటికి దేశమంతా పాకింది. 2030కి చేరాలనుకున్న గురి అది. విదేశీ చమురు ఖర్చు తగ్గాలి, రైతు పంటకు గిరాకీ రావాలి అన్నవి అసలు తొందరలు. గాలి బాగుపడుతుందన్న మాట వాటి వెంట వచ్చింది. ఇథనాల్ అంటే సారాలో ఉండే సరుకే. వాసన చూద్దామని ఎవరూ బుద్ధి పుట్టించుకోకండి.

ఇక పొగ సంగతి. పెళ్ళి భోజనాల పంక్తి చూశారుగా? పెట్రోలు అంటే ఆకలితో వచ్చిన పెళ్ళివారు. ఇంజన్లో వడ్డించేది ప్రాణవాయువు. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి వడ్డించాలి. అదీ సెకనులో వందో వంతులో ముగిసిపోయే విందు! వడ్డన అందనివాళ్ళు సగం ఆకలితో లేస్తారు. రెండు ప్రాణవాయువులు తిన్న కార్బన్ పొగగొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడుతుంది. ఒక్కటే దొరికినది కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఈ అరాకలి మనిషే ప్రమాదం. మన నెత్తుట్లో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద తను కూర్చుని లేవడు. తలుపులు మూసిన షెడ్డులో బండి స్టార్టు చేసి ఉంచొద్దని మీ నాన్నలు కేకలేసేది అందుకే.

ఇథనాల్ ఏమో అన్నం మూట చంకన పెట్టుకుని పెళ్ళికొచ్చే చుట్టం. దాని బరువులో మూడో వంతు పైగా ప్రాణవాయువే. కిలోకి 9 కిలోల గాలి వడ్డిస్తే చాలు. తనది తను తింటాడు గనక పక్కవాళ్ళకి వడ్డన మిగులుతుంది. 2021లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పిన లెక్క చూడండి. 20 పాళ్ళ పెట్రోలుతో కార్బన్ మోనాక్సైడ్ రెండు చక్రాల బళ్ళలో సగం, కార్లలో 30 శాతం తగ్గింది. కాలీ కాలని ఆవిర్లు 20 శాతం తగ్గాయి. ఇంజన్ వేడికి గాల్లోని నైట్రోజన్, ప్రాణవాయువు కలిసి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం ఒక బండిలో పెరిగి ఒక బండిలో తగ్గి ఎటూ తేలలేదు.

అయితే ఈ చుట్టం చదివింపుల దగ్గర చెయ్యి బిగపడతాడు. లీటరు పెట్రోలు ఇచ్చే వేడిలో మూడింట రెండొంతులే ఇస్తాడు. లీటర్లో ఐదో వంతు ఇతనే కాబట్టి ఐదో వంతులో మూడో వంతు ఎంతో మీరే కట్టండి. పదిహేనో వంతు, అంటే నూటికి ఆరేడు. బంకులో గొణుగుడంతా దాని గురించే.

కొత్త కార్లలో వంట మేస్త్రి, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, తెలివైనవాడు. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ పెట్టుకుని, ఎవరు ఎంత తిన్నారో చూసుకుంటూ వడ్డన సరిచేస్తాడు. అక్కడ ఒకడు మూట తెచ్చినా తేకపోయినా పెద్ద తేడా ఉండదు. అలా వడ్డన సరిచేసుకోలేని పాత కార్బొరేటర్ బళ్ళలో లాభం ఎక్కువ. అవి ఏటేటా తగ్గిపోతున్నాయి.

మన ఇథనాల్ చుట్టానికి ఇంకో గుణం ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు నిదానస్తుడే, పెట్రోలు వాళ్ళ మధ్య కూర్చున్నాడా, వాళ్ళను కూడా లేపి పందిరి బయటికి తీసుకుపోతాడు. కొద్దిగా ఇథనాల్ కలిసిన పెట్రోలు విడి పెట్రోలు కన్నా తొందరగా ఆవిరవుతుంది. రిఫైనరీలో ముందే సరిచేయకపోతే, ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకులోంచి కాలకుండానే గాల్లోకి పోతుంది. తిన్నాక విస్తరి తియ్యని అలవాటు కూడా ఉంది. కళ్ళు మండించే అసిటాల్డిహైడ్ అనే ఆవిరిని మామూలు పెట్రోలు కన్నా ఎక్కువ వదిలిపెడతాడు. పొగగొట్టంలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్ వేడెక్కాక దాన్ని చాలా మటుకు ఊడ్చేస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో ఊడ్చేవాళ్ళు ఇంకా నిద్ర లేవరు. ఆ పెళ్ళి ఇక ముగించమని మీ నాయనమ్మ పక్కనుంచి అంటోంది. సరే.

ఇథనాల్ నాకు కొత్తది కాదర్రా. మా చిన్నప్పుడు అనకాపల్లి వైపు గానుగాట మొదలైతే బడి కన్నా గానుగ దగ్గరే ఎక్కువ ఉండేవాళ్ళం. రసం పట్టిన కుండ మధ్యాహ్నం దాకా నీడలో మరిచిపోతే నురగ కట్టి పుల్లటి వాసన కొట్టేది. కంటికి కనపడని ఈస్టు అందులో తీపి తిని ఇథనాల్ చేసేది. మేం ఒక గుక్క తాగి తన్నులు తిన్నది దానికే! పెనం కింద చెరకు పిప్పి ఎగేసేవాళ్ళు. ఎండిన పిప్పయితే మంట శుభ్రంగా లేచేది. మంచుకి తడిసిన రోజు ఊరంతా పొగ కమ్మి, అమ్మ ఆరేసిన బట్టలు మసి వాసన కొట్టేవి. బెల్లం తీపి ఒకళ్ళకి, పొగ అందరికీ.

ఇప్పటికీ అంతే. ఇథనాల్ ఎక్కడ కాలుతుందన్నదే చూస్తే సగం చూసినట్టు. చెరకు మడ్డి, నూకలు, మొక్కజొన్న దేనితో చేసినా పులియబెట్టాలి, కాచి ఆవిరి పట్టాలి, బాయిలర్ మండాలి. ఆ బాయిలర్లో ఏం వేస్తున్నారు? కోత ముందు చెరకు తోటకి నిప్పు పెడుతున్నారా? బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రం 2002లో చట్టం చేసి మరీ తోటలు తగలబెట్టడాన్ని మాన్పించుకుంటూ వచ్చింది. మన నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు. పట్నం గాలి కోసం పల్లె ముక్కు మూసుకోవాలా అన్న వాళ్ళ ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది.

సావో పాలో నగరంలో ఒక విచిత్రం జరిగింది. అక్కడి కార్లు చాలా మటుకు పెట్రోలైనా సరే, ఉత్త ఇథనాలైనా సరే అనే రకం. ఏది చవకైతే అది పోయిస్తారు. 2009 నుంచి 2011 మధ్య ఇథనాల్ ధర పెరిగినప్పుడు జనం పెట్రోలుకి మళ్ళారు. ఏ శాస్త్రజ్ఞుడూ అడగకుండానే ఊరంతా ప్రయోగశాల అయింది! 2014లో అచ్చయిన పరిశోధన ఏం చెప్పిందో తెలుసా? పెట్రోలు వాడకం పెరిగినప్పుడు నేల దగ్గరి ఓజోన్ (ఇదెందుకు చెడ్డదో కింద చెప్తాను) 20 శాతం దాకా తగ్గింది, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ పెరిగాయి. 2017లో ఇంకొకటి వచ్చింది. పెట్రోలు వాడకం పెరిగినప్పుడు గాల్లో అతి సన్నని నలుసులు మూడో వంతు పెరిగాయట. అంటే ఇథనాల్‌తో నలుసులు తగ్గుతాయి, ఓజోన్ పెరుగుతుంది. మరో ముక్క, వాళ్ళు 'పెట్రోలు' అనేదాంట్లో అప్పటికే ఇరవై పాతిక పాళ్ళు ఇథనాల్ ఉంది. ఆ లెక్కన మన ఈ-20 వాళ్ళ పెట్రోలు. వాళ్ళ అంకెలు తెచ్చి మన విశాఖకో హైదరాబాదుకో అతికించేయకూడదు.

ఓజోన్ పైన ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉంటే మనల్ని కాపాడుతుంది. నేల మీద ఉంటే గొంతు మండిస్తుంది, పైర్ల ఆకుల్ని పాడు చేస్తుంది. దీన్ని ఏ బండీ వదలదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిర్లు, ఎండ ఈ మూడూ కలిస్తే గాల్లోనే తయారవుతుంది. తమాషా ఏమిటంటే, బళ్ళు కిక్కిరిసిన కూడలిలో అప్పుడే వచ్చిన పొగ ఓజోన్‌ను మింగేస్తుంది. గాలి వాలున ఊరి బయటికి పోయాక అది మళ్ళీ పెరుగుతుంది. బండి కొన్నవాడొకడు, దగ్గేవాడొకడు. ఇదంతా ఎందుకిలా తిరుగుతుందో పూర్తిగా చెప్పబోతే ఉత్తరం పుస్తకమవుతుంది. నాకైతే తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే, ఎవరూ వదలని విషం ఎండలో పుట్టడం!

కాబట్టి ఆ పిల్ల ప్రశ్నకి నా జవాబు: కొంత తగ్గుతుంది, కొంత రకం మారుతుంది. డీజిల్ లారీల పొగకీ, రోడ్డు దుమ్ముకీ, చెత్తకుప్పల మంటకీ దీంతో సంబంధమే లేదు. వీధి చివరి కొట్టుకి నడిచి వెళ్తే వచ్చే లాభం ఏ పెట్రోల్లోనూ రాదు, తిట్టుకోకండి మరి.

ఇప్పుడు మీ పని. నాన్న బండి పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అందులో కార్బన్ మోనాక్సైడ్ శాతం ఒకటి, హైడ్రోకార్బన్ల, అంటే కాలీ కాలని ఆవిర్ల, అంకె ఒకటి ఉంటాయి. అసిటాల్డిహైడ్ కోసం వెతకండి, దొరకదు. తరవాత అమ్మ ఫోన్లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ 'సమీర్' యాప్ తెరిచి, మీకు దగ్గర్లోని కేంద్రంలో ఓజోన్ పొద్దున ఏడింటికి ఎంత, మధ్యాహ్నం మూడింటికి ఎంత అని ఒక వారం నోటుబుక్కులో రాయండి. ఎండ కాసిన రోజు, మబ్బు పట్టిన రోజు పక్కన గుర్తు పెట్టండి. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య