రేడియో అనౌన్సరు, డబ్బింగ్ వృత్తి: ఒడిశా సరిహద్దు తెలుగువారిలో ఉన్న అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి డాబా మీద మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్‌పై విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రాన్ని వింటూ పెరిగినవాణ్ణి నేను. చాలా ఏళ్లుగా క్యాజువల్ అనౌన్సరుగా (పిలిచిన రోజులలో మాత్రమే పనిచేసే అనౌన్సరుగా), డబ్బింగ్ ఆర్టిస్టుగా పనిచేస్తున్నాను. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుండి ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలతో మాట్లాడినప్పుడల్లా కొన్ని అభిప్రాయాలే మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి కనుక వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఒడిశాలో పెరిగినవారి తెలుగు మైక్ ముందు పనికిరాదు.

వాస్తవం: ఈ మాటను ఒకప్పుడు నేనూ నమ్మాను. ఒక ప్రైవేటు స్టూడియోలో నేను రెండు వాక్యాలు చదవగానే "మీది ఒరియా తెలుగు" అని పంపించివేశారు గాని, నా ఉచ్చారణలో ఏ అక్షరం తప్పిందో ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చి నా గొంతును రికార్డు చేసుకుని పదం పదం విన్న తరువాతే అసలు సంగతి తెలిసింది. ఒడియాలో శ, ష, స మూడూ ఇంచుమించు స గానే పలుకుతాయి. అకారం ఒకారం వైపు ఒరుగుతుంది. అందువల్ల ఒడియా మాధ్యమంలో చదువుకున్నవారి నోట "శాఖ" అన్నది "సాఖ" అవుతుంది, "కమల" అన్నది "కొమొల"కు దగ్గరగా వినిపిస్తుంది. రోజూ అరగంట బిగ్గరగా చదివితే కొన్ని నెలలలో సరిదిద్దుకోగలిగిన దోషాలివి. ళ, ణ అక్షరాలు మాత్రం ఒడియాలో సజీవంగా ఉన్నాయి కనుక "కళ", "గుణం" వంటి పదాలను మన పిల్లలు శుభ్రంగా పలుకుతారు. తెలుగు నగరాలలో పెరిగిన ఎందరో "కల", "గునం" అంటున్న ఈ రోజులలో అది చిన్న బలం కాదని నా అభిప్రాయం.

అసలు జాగ్రత్త పడవలసినది లిపి విషయంలో. తెలుగు లిపి వేగంగా చదవలేక చాలామంది స్క్రిప్టును ఒడియా అక్షరాలలో రాసుకుంటారు. ఆ లిపిలో ఎ, ఏలకు గాని, ఒ, ఓలకు గాని వేర్వేరు గుర్తులు లేవు. మెడకూ మేడకూ, కొనకూ కోనకూ కాగితం మీద తేడా ఉండదు కనుక చదివేటప్పుడు నోరు తడబడుతుంది. ఏడాది పట్టినా సరే, తెలుగు లిపిని ధారాళంగా చదవడం నేర్చుకోవలసిందే. ఇక రేడియో కోరేది గ్రాంథికం కాదు, చెవిన పడగానే అర్థమయ్యే వ్యావహారికం. దాని కోసం గిడుగు రామమూర్తి పంతులు ఉద్యమించినది పర్లాకిమిడిలో ఉంటూనే; 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రికి వెళ్లారు. ఆ ఊరి పిల్లలు తమ తెలుగును చూసి తామే సిగ్గుపడుతుంటే నాకు బాధ కలుగుతుంది.

అపోహ: అనౌన్సరు ఎదుట ఉన్నది చదివితే చాలు.

వాస్తవం: అనౌన్సరు డ్యూటీకి ముందుగానే చేరి, ఏ కార్యక్రమం ఎప్పుడు ప్రసారమవ్వాలో తెలిపే క్యూ షీట్ చూసుకుని, ప్రతి రికార్డింగు నిడివినీ, తొలి పలుకులనూ, తుది పలుకులనూ సరిచూసుకోవాలి. ప్రసారంలో పది సెకన్లు నిశ్శబ్దం వస్తే శ్రోత తన రేడియో చెడిపోయిందనుకుంటాడు. ఒక కార్యక్రమం నలభై సెకన్లు ముందుగా ముగిస్తే ఆ ఖాళీని తడబాటు లేకుండా పూరించాలి, ఢిల్లీ వార్తల రిలే మొదలయ్యే సెకనుకు ఫేడర్ (ధ్వనిని పెంచే, తగ్గించే మీట) తెరవాలి, జరిగిన లోపాన్ని దాచకుండా లాగ్ బుక్‌లో రాయాలి. టెలివిజన్‌లోనూ ఇంతే శ్రమ ఉంది. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్, చదవవలసిన వాక్యాలను కెమెరా వద్ద తెరపై చూపే టెలిప్రాంప్టర్ లేని ఆ రోజులలో స్క్రిప్టును కంఠస్థం చేసి చదివేవారు.

అపోహ: గంభీరమైన గొంతు ఉన్నవారికే అవకాశం.

వాస్తవం: ఆ గాంభీర్యంలో కొంత మైక్ ఇచ్చేదే. ఒక దిశ నుండి శబ్దాన్ని గ్రహించే మైక్‌కు నాలుగు వేళ్ల దూరంలో మాట్లాడితే మంద్ర ధ్వనులు పెరుగుతాయి. అయితే అంత దగ్గరగా ఉంటే ప, భ పలికినప్పుడు వెలువడే గాలి మైక్‌కు తగిలి ఢమ్మని మోగుతుంది కనుక నేను జానెడు దూరంలో, కాస్త పక్కకు తిరిగి మాట్లాడతాను.

అపోహ: చదవబోయే ముందు వేడినీళ్లు తాగితే గొంతు శుద్ధి అవుతుంది.

వాస్తవం: మింగిన నీరు స్వరతంత్రులను తాకదు; అన్నవాహికలోకి వెళ్లి, మెల్లగా ఒంటికి పట్టిన తరువాతే వాటికి తేమ అందుతుంది. అందువల్ల ఉదయం నుండీ నీళ్లు తాగుతూ ఉండాలి. బొంగురుపోయిన గొంతుతో గుసగుసలాడడం విశ్రాంతి కాదు. పూర్తిగా మౌనంగా ఉండాలి. బొంగురు మూడు వారాలకు మించితే చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడాలి.

అపోహ: మంచి అనౌన్సరు మంచి డబ్బింగ్ కూడా చెప్పగలడు.

వాస్తవం: రెండింటా రాణించినవారు లేకపోలేదు. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన కొంగర జగ్గయ్య సినిమాలలో శివాజీ గణేశన్‌కు తెలుగు గొంతు ఇచ్చారు. కాని డబ్బింగ్‌లో మన లయ మనది కాదు, తెర మీది నటుడిది. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి. స్క్రిప్టులో "నడు" అని ఉన్నచోట నటుడి పెదవులు మూసుకుంటే దానిని "పద" అని మార్చుకుంటాం. అతడి ఊపిరినీ, మాట మధ్య విరుపునూ కూడా పట్టుకోవాలి. నాకు ఇది పట్టుబడడానికి మూడేళ్లు పట్టింది.

అపోహ: ఆకాశవాణిలో ఎంపికైతే ప్రభుత్వోద్యోగం వచ్చినట్లే.

వాస్తవం: రాతపరీక్షలోనూ, స్వరపరీక్షలోనూ నెగ్గినవారి పేరు క్యాజువల్ ప్యానెల్‌లో చేరుతుంది, పిలిచిన రోజుకే పారితోషికం ఉంటుంది. ఆ పిలుపులు మామూలుగా నెలకు 6కు మించవు. కనుక మరో ఆదాయం ఉంచుకునే ఈ పనిలోకి రావాలి. నేను ఉదయం ట్యూషన్లు చెప్పుకుంటూ, రాత్రి వీధి సద్దుమణిగాక బొంతలు వేలాడదీసిన గదిలో రికార్డు చేసి విశాఖపట్నం, హైదరాబాద్ స్టూడియోలకు పంపుతుంటాను. నమూనా పంపేవారు రెండు నిమిషాలకు మించకుండా చూసుకోవాలి. అందులో ఒక వార్త, ఒక ప్రకటన, ఒక సంభాషణ ఉంటే చాలు. వెనుక సంగీతం అసలే వద్దు, వినేవారికి గొంతు తెలియాలి.