గ్యాస్‌లైట్లో బల్బు పెట్టొద్దు: మనవళ్ళకు అబ్బ ఉత్తరం

చిన్నోడా, పాపా,

ఇద్దరూ బాగుండారా. ఇక్కడ తాడిపత్రిలో మేము బాగానే ఉండాము, మీ జేజికి మోకాళ్ళ నొప్పి మామూలే.

మొన్న సున్నం కొట్టించేదానికి అటక మీది సామాన్లన్నీ దించినప్పుడు వీడియో కాల్‌లో ఒక పాత లైటు చూపించినా కదా, దుమ్ముపట్టి నల్లగా ఉన్నింది చూడు, అది. చిన్నోడు చూసిన వెంటనే "అబ్బా, దీంట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టి మా హాల్లో తగిలిస్తే సూపర్‌గా ఉంటుంది" అన్నాడు. మీ జేజి నవ్వింది, నేనేం మాట్లాడకుండా ఫోను పెట్టేసినా. కోపం వచ్చి కాదురా. దాన్ని గురించి ఫోన్లో రెండు మాటల్లో చెప్పలేక. అందుకే ఈ ఉత్తరం టైపు చేస్తాండా, ఒక్క వేలితోనే, తప్పులుంటే సర్దుకోండి.

దాన్ని మేం గ్యాస్‌లైటు అంటాంటిమి, దాంట్లో గ్యాసు పోసేది లేదు, పోసేది కిరసనాయిలే, మా అవ్వ వాళ్ళు సీమనూనె అనేటోళ్ళు. పుస్తకాల్లో పెట్రోమాక్స్ అంటారు. అది బెర్లిన్‌లో ఎహ్రిచ్ అండ్ గ్రేట్జ్ అనే కంపెనీ పెట్టుకున్న పేరు, 1910 ప్రాంతంలో, ఆ కంపెనీ ఆయన పేరు మాక్స్ గ్రేట్జ్, పెట్రోలియంలో పెట్రో, ఆయన పేరులో మాక్స్. తర్వాత ఏ కంపెనీ లైటైనా మనోళ్ళకు పెట్రోమాక్సే అయిపోయింది, డాల్డా మాదిరి.

మా నాయన ఇవి బాడుగకిచ్చే అంగడి పెట్టుకోనుండె. పెండ్లి మెరవణికి, జాతరకు, నాటకాలకు, పీర్ల పండక్కు, ఎవరికి కావాలన్నా మా అంగడికే రావాల. మెరవణిలో తలమీద గుడ్డ చుట్ట పెట్టుకొని దానిపైన లైటు పెట్టుకొని నడిచేటోళ్ళు వరసగా, ఆ తెల్లటి వెలుతురులో పెండ్లికూతురు ముఖం చూసేదానికి ఆడోళ్ళంతా మిద్దెలెక్కేది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలోళ్ళు వస్తే వాళ్ళకూ మా లైట్లే. సాయంత్రం నాలుగైతే చాలు, నేను అన్నం తిన్న చెయ్యి కడుక్కోకముందే నాయన పిలిచేవాడు, పది లైట్లు ముట్టించాల గదా.

సరే, అది ఎట్ల వెలుగుతుందో ముందు చెప్తా, అది తెలీకపోతే రిపేరు అర్థం కాదు.

నూనె నూనెగా ఉన్నంతసేపు సరిగ్గా మండదు, ఆవిరైతేనే మండుతుంది. కిరసనాయిలు బుడ్డిలో వత్తి ఆ పని చేస్తుంది, కాకపోతే అరకొరగా, అందుకే పచ్చటి మంట, పైన మసి. ఆ పచ్చదనం కూడా మసి రేణువులు కాలుతా వెలిగేదే. అదే మీ ఇంట్లో గ్యాస్ స్టవ్ చూడండి, నీలం మంట, వేడి బలంగా ఉంటుంది కానీ దాని వెలుతురులో పుస్తకం చదవలేం. అదే మంటలో ఏదైనా ఇనుప చువ్వ పెడితే (మీరు పెట్టొద్దు, మీ అమ్మను అడగండి) అది ఎర్రగా వెలుగుతుంది. గ్యాస్‌లైటు కిటుకంతా అంతే. కిరసనాయిల్ని ఆవిరి చేసి, గాలి కలిపి, నీలం మంట పుట్టించి, ఆ మంటలో వెలిగే వస్తువు ఒకటి వేలాడదీయడం.

ఆ వస్తువే మేంటిలు. చిన్న గుడ్డ సంచి మాదిరి ఉంటుంది, నేసిందే, మన ధర్మవరం మగ్గాల మీద కాదులే. ఆస్ట్రియాలో కార్ల్ అవర్ అనే రసాయన శాస్త్రవేత్త 1885లో దీనికి పేటెంటు తీసుకున్నాడు, 1891కి సరైన పాళ్ళు దొరికినాయి, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు. ఆ ఉప్పుల నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డను మొదటిసారి ముట్టిస్తే గుడ్డ కాలిపోతుంది, మిగిలేది బూడిద గూడు, ఆ గూడే తెల్లగా వెలుగుతుంది. వేలు తగిలితే రాలిపోతుంది. దీంట్లో మనకూ ఒక సంబంధముంది. ఆ థోరియం కోసం జర్మనీవోళ్ళు ప్రపంచమంతా ఇసుక వెతుకుతా ఉంటే 1909లో షాంబర్గ్ అనే జర్మన్ ఆయనకు తిరువాన్కూరు వైపు మనవాలకురిచ్చి సముద్రం ఒడ్డున మోనజైట్ అనే థోరియం ఉండే ఖనిజం ఇసుకలో దొరికింది. అంటే మన దక్షిణాది ఇసుక పడవెక్కి పోయి మేంటిళ్ళయ్యింది అన్నమాట. థోరియానికి కొంచెం రేడియోధార్మికత ఉంటుంది, అందుకే పాత మేంటిలు బూడిదను ఊదొద్దు, పీల్చొద్దు, పట్టుకుంటే చెయ్యి కడుక్కోండి. ఇప్పుడు థోరియం లేకుండా ఇట్రియంతో కూడా చేస్తాండారు.

ఇంక లోపలి దారి. అడుగున ట్యాంకు, లీటరు నూనె పడుతుంది, నిండా పొయ్యకూడదు, గాలికి జాగా ఉండాల. పక్కన పంపు, సైకిలు పంపు తమ్ముడనుకోండి. గాలి కొడితే ఆ ఒత్తిడి నూనెను సన్నటి గొట్టంలో పైకి తోస్తుంది, ఆ గొట్టం మేంటిలు పక్కన ఒక చుట్టు తిరిగి పైకి పోతుంది, అక్కడి వేడికి లోపలి నూనె ఆవిరైపోతుంది, చివర్లో ఉండే నిపిలు రంధ్రంలోంచి బుస్సుమని చిమ్ముతుంది, చిమ్మే జోరుకు చుట్టూ ఉండే గాలిని లాక్కొని వంగిన గొట్టంలో కిందికి తిరిగి పింగాణీ మూతిలోంచి మేంటిల్లోకి దిగుతుంది. ఆ బుస్ అనే శబ్దం నాటకాల్లో హరిశ్చంద్రుడి పద్యానికి శ్రుతి మాదిరి వెనకాల వినిపిస్తానే ఉంటుంది, మాకు అది లేకుంటే నాటకం చూసినట్టే ఉండదు.

ఇక్కడ తిరకాసు చూడండి. మేంటిలు వెలగాలంటే గొట్టం కాలాల, గొట్టం కాలాలంటే మేంటిలు వెలగాల. అందుకే మొదట స్పిరిటు. చిన్న గిన్నె ఉంటుంది గొట్టం చుట్టూ, దాంట్లో స్పిరిటు పోసి ముట్టించి అది మొత్తం కాలేదాకా ఆగాల, నిమిషంన్నర రెండు నిమిషాలు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక పెండ్లికి తొందరపడి స్పిరిటు సగం కాలకముందే పంపు కొట్టేసినా. ఆవిరి కాని నూనె అట్లే చిమ్మి భగ్గుమని నా ఎత్తు పచ్చమంట లేచింది, రెండు కనుబొమ్మలు పాయ. పెండ్లికొడుకు మామ వచ్చి "లైటు తెచ్చినారా, కొరివి తెచ్చినారా" అని అరిచినాడు. మా నాయన నన్ను ఏమీ అనలేదు, ట్యాంకులో గాలి బయటికి పోయే ప్రెషర్ స్క్రూ వదిలి, దాన్ని చల్లారనిచ్చి, మళ్ళీ స్పిరిటు పోసి నన్నే ముట్టించమన్నాడు. కనుబొమ్మలు లేని ముఖంతో నెలంతా స్కూలుకు పోయినా.

ఇప్పుడు మన లైటు సంగతి. పదిహేను రోజులు దాంతోనే సరిపోయింది నాకు.

మొదట పంపు. కొడితే బరువే లేదు, ఊరికే లోపలికి పోతాంది, బయటికి వస్తాంది. అంటే లోపలి తోలు వాచరు ఎండి ముడుచుకుపోయింది, గాలి పక్కలనుంచి జారిపోతాంది. కొత్తది కొనాలని పరిగెత్తొద్దు, తోలు చచ్చిపోదు. తీసి రాత్రంతా ఆముదంలో నానేసినా, పొద్దున్నే మెత్తబడింది, అంచులు బొటనవేళ్ళతో గొడుగు మాదిరి విప్పి మళ్ళీ ఎక్కించినా, రెండో దెబ్బకే చేతికి బరువు తగిలింది. ఆ బరువు తగిలినప్పుడు ఎంత సంతోషమయ్యిందో మీకు చెప్తే నవ్వుతారు.

అయితే ఆ సంతోషం ఐదు నిమిషాలే. పంపు పిడి దానంతట అదే పైకి లేస్తాంది! దయ్యమేం కాదు, పంపు అడుగున చిన్న వాల్వు ఉంటుంది, గాలిని లోపలికి పోనిచ్చి వెనక్కి రానీదు, దాంట్లో స్ప్రింగు, దాని కొసన రబ్బరు ముక్క. అరవై ఏళ్ళకు ఆ రబ్బరు రాయైపోయింది. దాన్ని తీసేదానికి పొడుగు స్క్రూడ్రైవరు కావాల, బిగుసుకొనింటే బలం చూపించొద్దు, కొంచెం నూనె వేసి రెండ్రోజులు వదిలెయ్యాల. సైకిల్ ట్యూబు ముక్క కోసి వేసినా మొదట, అదే నా తప్పు, సైకిల్ రబ్బరు కిరసనాయిల్లో ఉబ్బిపోతుంది. నైట్రైల్ రబ్బరు అని దొరుకుతుంది మోటారు సామాన్ల అంగట్లో, అది వేస్తే నిలిచింది.

ట్యాంకు లోపల పాత నూనె ఎండి బెల్లం పాకం మాదిరి అతుక్కోనుండె. కొంచెం కిరసనాయిలు, గుప్పెడు చిన్న నట్లు వేసి గిలకరిస్తా కూర్చున్నా, మీ జేజి సీరియల్ చూసినంతసేపు. ఇరవై మూడు నట్లు వేసినా, ఇరవై రెండే వచ్చినాయి, ఆ ఇంకొకదాని కోసం అరగంట. పైన మాత్రం ఇసుక, గరుకు కాగితం ముట్టించలేదు, చింతపండు రసం, మెత్తటి గుడ్డ, అంతే. ఇత్తడి మీద నికెల్ పూత ఉంటుంది పల్చగా. చిన్నప్పుడు నేను మెరిపిస్తానని ఒక లైటును గరుకు కాగితంతో రుద్ది పూత, కంపెనీ ముద్ర అన్నీ ఎగరగొట్టినా, అప్పుడు మాత్రం నాయన చెవి మెలేసినాడు.

తర్వాత గాలి కొట్టి ట్యాంకును బకెట్టు నీళ్ళలో ముంచితే, పంక్చరు చూసినట్టే, మూత మెడ దగ్గర బుడగలు. మాట్లు వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయినా. ఆయన పెద్దాయన, తెలిసినోడు, ముందు సర్ఫు నీళ్ళతో రెండుసార్లు కడిగి, ట్యాంకు నిండా నీళ్ళు పోసి ఆ తర్వాతే వేడి పెట్టినాడు. లోపల నూనె ఆవిరి మిగిలుంటే ట్యాంకు బాంబే. ట్యాంకు ఒంటికే చీలిక ఉంటే మాత్రం ఎవరు చెప్పినా మాటు వెయ్యకూడదు, అటక మీద బొమ్మ మాదిరి పెట్టుకోవాల్సిందే.

గొట్టంలో బొగ్గు పేరుకుంటే లైటు ఎగిసి ఎగిసి పడుతుంది, ఆయాసమొచ్చినోడి మాదిరి. దాన్ని విప్పి బయట కుంపట్లో ఎర్రగా కాల్చి, చల్లారినాక సైకిల్ బ్రేకు వైరులో ఒక పోగు తీసి లోపలికి తోస్తే నల్లటి పొడి రాలింది. నిపిలు రంధ్రాన్ని మాత్రం సూదితో గెలకొద్దు, వెంట్రుకంత రంధ్రం అది, పెద్దదైతే పోయినట్టే. చక్రం తిప్పితే లోపలి పిన్ను వచ్చి దాన్ని శుభ్రం చేస్తుంది, దానికోసమే ఉండేది.

ఇన్ని చేసినా కూడా మేంటిలు ఎర్రగా, నీరసంగా వెలుగుతాంది. రెండ్రోజులు బుర్ర పగలగొట్టుకున్నా. నూనె సరిగా ఉంది, గాలి ఉంది, గొట్టం శుభ్రం. చివరికి ఆ వంగిన గొట్టం విప్పి టార్చి వేసి చూస్తే లోపల కుమ్మరిపురుగు మట్టి గూడు! ఆవిరికి కలవాల్సిన గాలికి దారే లేదు. పుల్లతో గీకేస్తే పాయ.

మీకు రెండు మాటలు గట్టిగా చెప్తాండా. దీంట్లో పెట్రోలు ఒక్క చుక్క కూడా పొయ్యకూడదు, కిరసనాయిలు దొరకలేదని కూడా పొయ్యకూడదు. మూసిన గదిలో వెలిగించకూడదు, కనపడని విషపు గాలి వస్తుంది. వెలుగుతా ఉంటే మూత ముట్టొద్దు, ఆర్పినాక ప్రెషర్ స్క్రూ వదిలి బుస్సు ఆగేదాకా చూడాల. నేను పక్కన లేకుండా అసలు ముట్టుకోవద్దు. మూడో మాట కూడా అయిపోయింది, నాలుగోది కూడా, సరే.

నిన్న రాత్రి పెరట్లో ముట్టించినా. స్పిరిటు మొత్తం కాలేదాకా ఆగినా, మీ జేజి "కనుబొమ్మలు జాగ్రత్త" అంటానే ఉంది. ఐదారు దెబ్బలు పంపు కొట్టేసరికి మొదట ఉఫ్‌మని, తర్వాత బుస్సుమని, పెరడంతా పాలు పోసినట్టయ్యింది. దాని మీద ఐదు వందల కొవ్వొత్తుల లైటని రాసుంటుంది, అంత ఉంటుందో లేదో గానీ ఎదురింటోళ్ళు తలుపు తీసి చూసినారు. మీ జేజి మాట్లాడకుండా తులసికోట దగ్గర కూర్చునింది, మా పెండ్లి మెరవణిలో ముందు నడిచిన ఆరు లైట్లలో ఇది ఒకటి, ఆ సంగతి ఆమెకు నేను చెప్పాల్సిన పనిలేదు.

సరిగ్గా పదకొండు నిమిషాలు వెలిగింది. మొన్న వానపడింది కదా, ఉసిళ్ళు లేచినాయి, లైటుకు గ్లాసు లేదు, పాతది ఎప్పుడో పగిలిపోయింది. ఒక ఉసిలి నేరుగా పోయి మేంటిల్లో పడింది, టప్‌మని బూడిదంతా కింద.

ఇంక ఒక్క మేంటిలే ఉండాది నా దగ్గర. గ్లాసు లేకుండా అది కట్టను. చిన్నోడా, మీ నాయన్ని తీసుకొని బెంగుళూరులో చిక్‌పేట దగ్గర ఆదివారం పాత సామాన్ల బజారుకు పోయి వెతుకు, ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి రేపు వాట్సాప్‌లో పెడతా, వెంట్రుకంత కూడా తేడా ఉండకూడదు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు బ్యాగులో బట్టల మధ్య పెట్టుకొని తీసుకురండి. పాపా, ఈసారి స్పిరిటు నువ్వు పోద్దువుగానీ. బల్బు మాత్రం తేవొద్దు.

మీ అబ్బ