స్పెషల్ ఎడ్యుకేషన్ కాన్ఫరెన్స్‌లు: అపోహలు - వాస్తవాలు

ఏ కాన్ఫరెన్స్ అయినా సరే, ముగిసిన మర్నాటి నుంచి టీచర్ల గ్రూపుల్లో ఒకటే హడావుడి. "ఫలానా సెషన్‌లో చెప్పారు, సోమవారం నుంచి మా క్లాసులో మొదలుపెడుతున్నాం" అంటారు. ఆధారం ఏమిటని అడిగితే "అంత పెద్ద వేదిక మీద ఊరికే చెప్తారా మేడమ్?" అని తిరిగి నన్నే అడుగుతారు. ఈ మాట విని విని విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: కాన్ఫరెన్స్‌లో చెప్పారంటే అది రుజువైనట్టే.

వాస్తవం: కానే కాదు. ఒక స్పీకర్‌కు సెషన్ దొరికిందంటే వాళ్లు పంపిన సారాంశం కమిటీకి నచ్చిందని అర్థం, అంతే. ఆ పద్ధతి ఎంతమంది పిల్లలకు పనిచేసిందో కమిటీ కూర్చుని లెక్క చూడదు. ఇక బయట స్టాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, అవి అమ్ముకోవడానికి పెట్టినవే.

దీనివల్ల ఎంత నష్టమో తెలియాలంటే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ ఒక్కటి గుర్తు చేసుకుంటే చాలు. మాట రాని పిల్లల చెయ్యో మోచెయ్యో ఒకరు పట్టుకుంటే వాళ్లు మనసులో ఉన్నదంతా టైప్ చేస్తారన్నారు. 1990ల మొదట్లో ఎంతోమంది టీచర్లు దాంట్లో శిక్షణ తీసుకున్నారు. ఇన్నాళ్లకు మా బిడ్డ మాతో మాట్లాడుతోందని తల్లిదండ్రులు పొంగిపోయారు, వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. తర్వాత పరిశోధకులు చాలా మామూలు పరీక్ష ఒకటి పెట్టారు. పిల్లాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవాళ్లకు వేరే బొమ్మ, ఒకరిది ఇంకొకరికి కనపడకుండా చూపించారు. టైపయింది చెయ్యి పట్టుకున్నవాళ్లు చూసిన బొమ్మ పేరు! వాళ్లేం మోసగాళ్లు కారు, తమకే తెలియకుండా చేతిని నడిపించారు. 1994లోనే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ దీనికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానం చేసింది. అయినా 2018లో అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ దీన్ని వాడొద్దని మళ్లీ చెప్పాల్సొచ్చింది. ఆ పిల్లలు తమ వేలితో తామే చూపించి అడగడం నేర్చుకోవాల్సిన వయసు అందులో గడిచిపోయింది, దాన్ని ఎవరు తిరిగిస్తారు?

వేదిక మీద మాటే ఇలా ఉంటే భోజనాల దగ్గర విన్న మాట గురించి ఏం చెప్పాలి. నాకు తెలిసిన ఒక బాబు బొమ్మల బోర్డు వాడేవాడు. నీళ్లు, ఇంకా, వద్దు, అయిపోయింది, ఇలాంటివన్నీ అందులో ఉండేవి. ఎక్కువగా చూపించేది "వద్దు" కాబట్టి ఆ ఒక్క బొమ్మకే అంచు లేచిపోయి ఉండేది. వాళ్ల టీచర్ ఒక కాన్ఫరెన్స్‌కు వెళ్లొచ్చి ఆ బోర్డు తీసి బీరువాలో పెట్టేశారు. బొమ్మలు అలవాటైతే ఇక మాట రాదని అక్కడెవరో అన్నారట. కొద్దిరోజులకే బాబు చేతులు కొరకడం మొదలుపెట్టాడు. వద్దని చెప్పే దారి మూసేస్తే పాపం ఏం చేస్తాడు? బోర్డు తిరిగి చేతికిచ్చాక కొరకడం తగ్గుతూ వచ్చింది. అప్పుడు వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి "నిజం చెప్పండి మేడమ్, దీనివల్ల వాడికి మాట ఆగిపోదు కదా?" అని అడిగింది. ఆగదమ్మా. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు 2006లో పాత అధ్యయనాలన్నీ వడపోసి, గట్టి ఆధారం ఉన్న 27 మందిని చూస్తే ఏఏసీ (ఇలాంటి బోర్డులు, మాటకు తోడుగానో బదులుగానో వాడే సాధనాలు) వల్ల ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంచెమైనా పెరిగింది. ఆ పెరుగుదల పెద్దదేం కాదు, అదీ ఆమెకు చెప్పాను.

కాబట్టి సెషన్‌లో కూర్చున్నప్పుడు అడగండి. ఏ వయసు పిల్లలు, ఎంతమంది? బేస్‌లైన్, అంటే మొదలుపెట్టకముందు పిల్లాడు ఎంత చేస్తున్నాడో లెక్క, తీశారా? కొలిచింది ఎవరు, ఆ పద్ధతి అమ్మేవాళ్లేనా? ప్రాంప్ట్ (టీచర్ అందించే సాయం) తీసేశాక కూడా పిల్లాడు చేశాడా, ఇంట్లో చేశాడా? "మా పిల్లల్లో గొప్ప మార్పు" అనే వీడియో ఒక్కటే జవాబైతే నోట్‌బుక్ మూసేయొచ్చు. కొత్తగా వచ్చిన టీచర్లు అడగడానికి జంకుతారు, తెలియదనుకుంటారేమోనని టెన్షన్. నిజంగా పని చేసినవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు, డేటా షీట్లు తీసి చూపిస్తారు కూడా.

అపోహ: సర్టిఫికెట్ వచ్చిందంటే నేర్చుకున్నట్టే.

టీచర్ల శిక్షణ మీద పరిశోధన చేసిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980 నుంచీ చెబుతున్నది ఇదే. వినడం, డెమో చూడడం సరిపోవు. చేసి చూడాలి, చేస్తుండగా ఎవరైనా చూసి తప్పొప్పులు చెప్పాలి, క్లాసులోకి వచ్చాక కూడా పక్కన ఒకరు ఉండాలి. వీలైతే మీ స్కూలు నుంచి ఇద్దరు వెళ్లండి, తిరిగొచ్చాక ఒకరి క్లాసు ఒకరు చూడొచ్చు.

అపోహ: పిల్లలు విజువల్ (చూసి నేర్చుకునేవాళ్లు), ఆడిటరీ (విని నేర్చుకునేవాళ్లు) రకాలుగా ఉంటారు, ఆ రకానికి తగ్గట్టు చెప్పాలి.

2008లో వచ్చిన సమీక్షలోనే దీనికి తగిన ఆధారం లేదని తేలింది. ఇంకా స్లైడ్లలో పెడుతున్నారు, ఓపిక నశిస్తోంది. ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలతో షెడ్యూల్ పెట్టడం వేరే సంగతి, దాన్ని దీంతో కలపకండి.

అపోహ: డబ్బు కట్టాం కాబట్టి అన్ని సెషన్లకూ వెళ్లాలి.

అక్కర్లేదు. మీ క్లాసులో ఎటూ కదలని ఒక్క ఐఈపీ (ఒక్కో పిల్లాడికి విడిగా రాసుకునే విద్యా ప్రణాళిక) లక్ష్యాన్ని మనసులో పెట్టుకుని దానికి పనికొచ్చేవే ఎంచుకోండి. మిగతా టైంలో ఆ స్పీకర్‌ను పట్టుకుని మీ పిల్లాడి పేరు చెప్పకుండా మీ సమస్య చెప్పండి.