1931 జనాభా లెక్కల్లో మీ ముత్తాత పేరు దొరకదు

పాత రికార్డులు చదివి వంశవృక్షాలు కట్టడం నా వృత్తి. కుల గణన మాట పత్రికల్లో వచ్చినప్పుడల్లా నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "ఏమండీ, 1931 జనాభా లెక్కల్లో మా తాతగారి పేరున్న పేజీ నకలు కావాలి. ఎంతవుతుంది?" ఆ పేజీ లేదని చెబితే నమ్మరు. "మా ఊళ్లో ఫలానా వారికి ఒకాయన తెచ్చి ఇచ్చాడు కదా" అంటారు. ఆ ఒకాయనల వల్లే ఇది రాయాల్సి వస్తోంది.

అపోహ: పాత జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ ఉంటాయి. తెలిసినవాళ్లుంటే బయటికి తీయించవచ్చు.

ఉండవు. ఎవరున్నా తీయలేరు.

మన దేశంలో మొదటి జనాభా లెక్కలు 1871-72లో జరిగాయి. దేశమంతటా ఒకే రాత్రిని ప్రమాణంగా పెట్టుకొని లెక్కించడం 1881 ఫిబ్రవరి 17న మొదలైంది. నిజాం రాజ్యంలోనూ మొదటి లెక్కలు ఆ 1881వే. లెక్కలవారు ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకున్న మాట నిజమే. ఆ వివరాలను చీటీలకెక్కించి, మతం, కులం, వృత్తి, భాష వారీగా గూళ్లలో వేసి, గుత్తులుగా కట్టి లెక్కపెట్టేవారు. పట్టికలు అచ్చయ్యాక ఆ కాగితాలను దాచలేదు. గుట్టలకొద్దీ కాగితం దాచే చోటూ లేదు, దాచాలన్న ఉద్దేశమూ లేదు. ప్రభుత్వానికి కావలసింది అంకెలు. మీ ముత్తాత ఎవరన్నది దానికి అనవసరం.

1931 లెక్కలకు అంత పేరు రావడానికి కారణం, కులాలన్నింటి పట్టికలూ పూర్తిగా ప్రచురించిన చివరి లెక్కలు అవే కావడం. మద్రాసు రాష్ట్రం సంపుటాలు, హైదరాబాదు సంపుటాలు పెద్ద గ్రంథాలయాల్లో ఇప్పటికీ చదువుకోవచ్చు. ఏ జిల్లాలో ఏ కులంవారు ఎందరు, వారిలో చదవడం రాయడం వచ్చినవారెందరు, ఇవన్నీ ఉంటాయి. ఒక్క రైతు పేరు కూడా ఉండదు.

స్వాతంత్ర్యం తరువాతి లెక్కల సంగతి ఇంకా స్పష్టం. 1948 జనాభా లెక్కల చట్టంలోని 15వ సెక్షను ప్రకారం లెక్కలవారు రాసిన పుస్తకాన్నీ, ఫారాన్నీ చూసే హక్కు ఎవరికీ లేదు. అందులోని రాతలు సివిలు దావాల్లో సాక్ష్యంగా చెల్లవు. ఆ కాగితం నిజంగానే ఎవరైనా దొంగతనంగా తెచ్చి మీ చేతిలో పెట్టినా, మీకు అది ఎందుకూ పనికిరాదు.

ఈ భ్రమ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. బ్రిటన్‌లో వందేళ్లు నిండిన లెక్కల కాగితాలను పేర్లతో సహా ప్రజలకు తెరుస్తారు. అమెరికాలో 72 ఏళ్లకు తెరుస్తారు. వారి 1950 లెక్కలు 2022లో బయటికి వచ్చాయి. అక్కడ ఉద్యోగం చేసే అబ్బాయి, తన సహోద్యోగి తాతగారి పేరు, వయసు, వీధితో సహా కంప్యూటర్‌లో కనబడటం చూస్తాడు. ఆ రాత్రే ఇంటికి ఫోను చేసి "నాన్నా, మనవాళ్లవీ ఉండే ఉంటాయి, కనుక్కో" అంటాడు. నాన్న కనుక్కోవడానికి బయలుదేరతాడు. దారిలో దళారి కాచుకొని ఉంటాడు.

ఒంగోలు వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరికి వచ్చారు. నాయనమ్మ పుట్టిల్లు ఏ ఊరో, ఆమె అన్నదమ్ముల సంతతి ఎక్కడుందో తెలుసుకోవాలని ఆయన కోరిక. నాయనమ్మ చిన్నవయసులోనే పోయారట, రాకపోకలు తెగిపోయాయి. సంచిలోంచి ఎంతో జాగ్రత్తగా ల్యామినేషన్ చేయించిన ఒక కాగితం తీసి బల్లమీద పెట్టారు. "1931 జనాభా లెక్కల నకలు" అని శీర్షిక, గుండ్రటి ముద్ర, ఇంగ్లీషులో సంతకం. తాతగారి పేరు, నాయనమ్మ పేరు, వయసులు, కులం అన్నీ ఉన్నాయి. జిల్లా గడిలో "ప్రకాశం" అని ఉంది. ఆ జిల్లా ఏర్పడింది 1970లో, అదీ ఒంగోలు జిల్లాగా. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. 1931లో ఒంగోలు గుంటూరు జిల్లాలో ఒక తాలూకా. కాగితంలో ఉన్న పేర్లన్నీ ఈయన దళారికి నోటితో చెప్పినవే.

ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన తలవంచుకున్నారు. నలభై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి. తప్పు ఆయనది కాదు. నాయనమ్మ మీది ప్రేమను అమ్మకానికి పెట్టినవాడిది. ఇలాంటి కాగితాలు ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిని దరఖాస్తుకు జతచేస్తే దొంగ పత్రం పెట్టిన నేరం మీ మెడకు చుట్టుకుంటుంది. అమ్మినవాడు ఎక్కడా కనబడడు.

దీని వెంటే తిరిగే ఇంకో పుకారు: పాత లెక్కల్లో తాత పేరు చూపించలేకపోతే కుల ధ్రువపత్రం ఇవ్వరని, రేషను ఆపేస్తారని. భయపడి ఫోను చేసే ముసలివారితో నేను చెప్పేది ఒకటే. ఎవరి తాత పేరూ అక్కడ చూపించలేరు, కాబట్టి దాన్ని ఎవరూ అడగలేరు. కులం విషయంలో బడి రికార్డులకు విలువ ఉంది. మీ నాన్నగారు, తాతగారు చదివిన ప్రాథమిక పాఠశాల అడ్మిషను రిజిస్టరు నకలు తెచ్చుకోండి. తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ ఒకే వరుసలో ఉంటాయి.

అపోహ: తాతముత్తాతల పెళ్లిళ్లు ఎక్కడో ఒకచోట రిజిస్టరై ఉంటాయి.

హిందువుల పెళ్లికి ప్రభుత్వ పుస్తకంలో నమోదు అవసరమన్న ఆలోచనే చాలా కొత్తది. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవాలంటే తాము హిందువులం కామని ప్రకటించాలి. అందుకు ఎంతమంది సిద్ధపడతారు? 1955 హిందూ వివాహ చట్టం నమోదుకు దారి చూపిందే గాని తప్పనిసరి చేయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిర్బంధ నమోదు చట్టం 2002లో వచ్చింది. అంటే 1920లో జరిగిన పెళ్లికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వివాహ ధ్రువపత్రం వెతకడం వృథా. క్రైస్తవుల పెళ్లిళ్లు చర్చి రిజిస్టర్లలో ఉంటాయి, ముస్లింల నిఖాలు ఖాజీల పుస్తకాల్లో ఉంటాయి. ఆ రెండు చోట్లా అదృష్టం ఉంటే వరుసగా మూడు నాలుగు తరాలు దొరుకుతాయి.

మరి మిగతావారికి? ఇక్కడే చాలామంది తెరిచి ఉన్న తలుపును చూడకుండా మూసిన తలుపు కొడుతూ కూర్చుంటారు. పెళ్లి రాసి ఉండదు. పెళ్లికూతురికి ఇచ్చిన భూమి రాసి ఉంటుంది.

పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు ఎకరమో అరెకరమో ఇవ్వడం మన పల్లెల్లో ఎన్ని కులాల్లో ఉందో చెప్పనక్కరలేదు. రిజిస్టరు చేయించిన దఖలు దస్తావేజు (ఆస్తి రాసిచ్చిన పత్రం) అయితే, తండ్రి పేరు, తాత పేరు, కూతురి పేరు, అల్లుడి పేరు, అత్తవారి ఊరు మొదటి పేజీలోనే దొరుకుతాయి. నోటిమాటగా ఇచ్చినవీ ఎన్నో ఉన్నాయి. అయినా నిరాశ అక్కర్లేదు. ఆమె ఏ కరువులోనో ఆ పొలం అమ్మినప్పుడు, హక్కు ఎలా వచ్చిందో రాయకుండా కొనేవాడు ఊరుకోడు.

ఆ ఉపాధ్యాయుడి నాయనమ్మ దొరికింది అలాగే. 1920ల నాటి విక్రయ దస్తావేజు. "నా వివాహ కాలమందు మా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చి, అది మొదలు నా స్వాధీనమందు ఉన్న" అన్న వాక్యం, కింద ఆమె ఎడమచేతి బొటనవేలి ముద్ర. ఉత్తరపు హద్దు దగ్గర "మా అన్నగారి మెట్ట" అని పేరుతో సహా ఉంది. ఆ అన్నగారి మునిమనవడు అదే ఊళ్లో, అదే పొలం చేస్తున్నాడు. దళారి కాగితానికి ఆయన పెట్టిన డబ్బులో కొద్ది భాగం కూడా దీనికి కాలేదు.

దస్తావేజు తెచ్చుకున్నవారు పేర్లు చూసి ఊరుకుంటారు. హద్దులు చదవండి. పక్క పొలం ఎక్కువసార్లు పంచుకున్న అన్నదమ్ములదే. సాక్షులను చదవండి. గుర్తించిన సాక్షి బావమరిదో, పినతండ్రి కొడుకో అయి ఉంటాడు. భాగపరిష్కార దస్తావేజు (ఆస్తి పంపకాల పత్రం) దొరికితే పండుగే. ఇంట్లోవారంతా వరుసలతో సహా అందులో ఉంటారు.

దీనికి ఎవరి సిఫార్సూ అవసరం లేదు. 1908 రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసిన ఒకటో పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు. ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్లమీద, రెండోది ఆస్తి మీద ఉంటుంది. వీలునామాలుండే మూడో పుస్తకానికి మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. కంప్యూటర్‌లో వచ్చే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం) ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచే. అందులో లేదంటే దస్తావేజే లేదని అర్థం కాదు. అంతకుముందువి చేత్తో వెతకాలి. వెళ్లేముందు ఆ కాలంలో మీ ఊరు ఏ సబ్ రిజిస్ట్రారు కింద ఉండేదో కనుక్కోండి, ఇప్పటి కార్యాలయం కాకపోవచ్చు.

అపోహ: భూమి లేనివారికి చరిత్ర దొరకదు.

కష్టమన్నది నిజం. దొరకదన్నది అబద్ధం. మద్రాసు రాష్ట్రంలో 1899 చట్టం తరువాత గ్రామ మునసబు రాసిన జనన మరణాల పుస్తకాల్లో కూలివారూ ఉన్నారు. వెతికేవారు చేసే పొరపాటు బిడ్డ పేరు మీద వెతకడం. పుట్టిన కొద్దిరోజులకే రాసేవారు కాబట్టి పేరు గడిలో "మగ", "ఆడ" అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరు మీద వెతకండి. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువు తరువాత వేలమంది మాదిగలు బాప్టిస్టు క్రైస్తవులయ్యారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అలాంటి కుటుంబాలవారు రెవెన్యూ కార్యాలయం కంటే ముందు చర్చి గడప తొక్కాలి.

గుడి సేవ చేసిన అర్చకులు, భజంత్రీల కుటుంబాలకైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు (మాన్యం భూముల పట్టిక) ఉంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను చేసిన విచారణ అది. అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందినవానితో బంధుత్వం అందులో ఉంటాయి. 1860 నుంచి ఒక్క గెంతులో వెనక్కి వెళ్లవచ్చు.

మిగతావి త్వరగా చెబుతాను.

ఇంటిపేరు ఒకటైతే ఒకే వంశం కాదు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లే. ఒక ఊరు విడిచిన పది కులాలవారికీ ఆ ఊరిపేరే ఇంటిపేరు కావచ్చు. గోత్రం ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం రుజువు కాదు. దత్తత, ఇల్లరికం ఉన్న ఇళ్లలో పేరు ఒక దారిని, రక్తం ఒక దారిని పోతాయి; రెండూ విడివిడిగా రాసుకోండి.

కాశీ, గయలలో పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాలు నిజమైనవే. అయితే మీ పెద్దలు అక్కడికి వెళ్లి ఉంటేనే అందులో ఉంటారు.

లండన్‌లో అన్నీ ఉన్నాయన్న నమ్మకం ఒకటి. అక్కడి మద్రాసు చర్చి రికార్డులు ప్రధానంగా ఐరోపావారివి, ఆంగ్లో ఇండియన్లవి. పల్లెటూరి తెలుగువాడి కోసం విమానం ఎక్కకండి.

తెలంగాణవారు ఉర్దూ చూసి వెనక్కి తిరగవద్దు. సేత్వార్ (భూమి సర్వే పట్టిక), 1954-55 ఖాస్రా పహాణీ (సాగు, హక్కుల పట్టిక), వీటిలో పట్టాదారు, తండ్రి పేర్లు ఉంటాయి. పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఉర్దూ చదివిపెట్టేవారు ఇంకా ఉన్నారు. వారు ఉండగానే చదివించుకోండి.

అపోహ: ఓడెక్కి వెళ్లినవారి జాడ ఇక తెలియదు.

నిజం దీనికి తలకిందులు. ఊళ్లో ఉండిపోయిన అన్న కంటే ఓడెక్కిన తమ్ముడి వివరాలే ఎక్కువ. 1843లో కోరంగి నుంచి తెలుగువారితో మారిషస్ వెళ్లిన కోరింగా ప్యాకెట్ మొదలుకొని, 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో, ఆ తరువాత ఫిజీ ఓడల దాకా, ఒప్పందం మీద వెళ్లిన కూలీల వివరాలు రాసిపెట్టారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటిమీది పుట్టుమచ్చలు కూడా. మారిషస్ రికార్డులు ఆ దేశంలోని మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ వారి పెళ్లిళ్లూ రిజిస్టరయ్యాయి. అందుకే అక్కడివారికి పెళ్లి రిజిస్టర్లన్న మాట పనికొస్తుంది, మనలో చాలామందికి రాదు.

వారి ముని మనవలు ఇప్పుడు మన ఊళ్లకు ఉత్తరాలు రాస్తున్నారు. పాసుల్లో (ఓడెక్కిన కూలీలకు రాసిచ్చిన వలస పత్రాల్లో) ఊరిపేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. చికకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ. అలాంటి ఉత్తరం మీకు వస్తే ముందు పాసు నకలు అడగండి. ఊరు తేల్చకముందు తాలూకా తేల్చండి. పాసులో ఇంటిపేరు సాధారణంగా ఉండదు కాబట్టి తండ్రి పేరు, కులం, ఊరు మూడూ కలిస్తేనే బంధువులమని చెప్పండి. రెండు కలిసి ఒకటి కలవకపోతే ఆ మాటే రాయండి. ఎంతో ఆశతో సముద్రం దాటి వచ్చేవారిని తప్పు ఇంటి గడప ఎక్కించకండి.