పల్లె కూలీల బొమ్మలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో నా దగ్గర బొమ్మలు నేర్చుకునే తెలుగు పిల్లలు, కూలీ బొమ్మ గీయమనగానే ముఖం మీది ముడతలతో మొదలుపెడతారు.

అపోహ: కష్టం ముఖంలోనే కనిపించాలి.

వాస్తవం: నాట్లు వేసే మనిషి ముఖం గట్టు మీద నిలబడినవారికి సరిగా కనిపించనే కనిపించదు. ఎడమచేతిలో నారుకట్ట ఉంటుంది, కుడిచేతి వేళ్ళు దానిలోంచి రెండు మూడు మొక్కలను విడదీసి బురదలోకి గుచ్చుతాయి, అడుగు వెనక్కి పడుతుంది. వంగడం ప్రధానంగా తుంటి దగ్గర జరుగుతుంది. మొండెం ముందుకు వాలేకొద్దీ పిరుదులు మడమల వెనక్కి జరిగి బరువును నిలబెడతాయి. ఇది గమనించకుండా వీపును మాత్రమే విల్లులా వంచి గీస్తే, ఆ బొమ్మలోని మనిషి మరుక్షణం బురదలో బోర్లా పడవలసిందే.

అపోహ: కూలీ అంటే కండలు తిరిగిన మనిషి.

వాస్తవం: ఈ అపోహకు మన మెరీనా బీచిలోని శ్రామిక విజయ శిల్పం కొంత కారణమని నా అనుమానం. మద్రాసు ప్రభుత్వ చిత్ర, శిల్పకళల పాఠశాలకు 1929 నుంచి నాయకత్వం వహించిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలచగా 1959లో ఆవిష్కృతమైన ఆ శిల్పంలో నలుగురు మనుషులు ఒక బండరాతిని కదిలిస్తుంటారు. అది ఆరుబయట దూరం నుంచి చూడవలసిన స్మారకం. దాని కండలను తెచ్చి నాట్లు వేసే మనిషికి తగిలించకూడదు. అక్కడ నేర్చుకోవలసింది, నాలుగు శరీరాల బలమూ ఆ ఒక్క బండ మీదికి చేరే తీరు. పొలంలో మనకు ఎక్కువగా కనిపించేవి బక్కపలచని ఒళ్ళు, తేలిన మెడ ఎముకలు, ముంజేతి నరాలు.

అపోహ: ఫొటో ఉంటే చాలు.

వాస్తవం: పనిముట్టు వివరాలకు ఫొటో మంచిదే. అయితే ఫోను దగ్గరగా పెట్టి తీస్తే ముందున్న చేయి పెద్దదవుతుంది, వెనకున్న కాలు చిన్నదవుతుంది. పైగా పని మళ్ళీమళ్ళీ జరిగేది. అందుచేత పార లేచినప్పుడు, దిగినప్పుడు, మట్టి పోసినప్పుడు అని ఒకే కాగితం మీద మూడు బొమ్మలు పక్కపక్కన మొదలుపెట్టి, ఆ భంగిమ తిరిగి వచ్చినప్పుడల్లా దానికి నాలుగు గీతలు చేర్చుకుంటూ పోవచ్చు.

అపోహ: ఇందుకు పల్లెకే పోవాలి.

వాస్తవం: పోతే మంచిదే, చెన్నై దగ్గరి పొన్నేరి వైపు వరిపొలాలు ఉన్నాయి. అయితే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవారు ఈ ఊరి కట్టడాల దగ్గరే తట్టలు మోస్తున్నారు. అడిగి గీయండి, పని ఆపి నిలబడమంటే ఆ సమయానికి కూలి ఇవ్వండి, గీసినది చూపించండి. పార కర్ర పొట్టిదైందని ముందుగా పట్టుకునేది వారే.